బ్యాకప్ ఉన్నదా అని కాదు, ఎప్పుడు తెరిచి చూసిండ్రని అడగాలె

2018 వానకాలం. రైతుబంధు కొత్తగ మొదలైన ఏడు. పైసలు పట్టా ఉన్నోళ్ల ఖాతాల పడుతున్నయి, కౌలుకు దున్నేటోనికి రాకపాయె. అసలు కౌలు చేసేటోళ్లు ఎంతమంది, ఎన్నెకరాలు చేస్తున్నరు అంటే సర్కారు కాడ లెక్క లేదు. లేకపోతే మనమే రాద్దామనుకున్నం. కాలేజి పిల్లలను ఎంటబెట్టుకొని మా మండలంల 11 ఊర్లు నాలుగు నెలలు తిరిగినం. పేరు, సర్వే నంబరు, ఎన్నెకరాలు, కౌలు ఎంత, ఎన్నేండ్ల సంది చేస్తున్నరు, చేతిల కాయిదం ఏమన్న ఉన్నదా. కాయిదం ఉంటే ఫోన్ల ఫొటో తీసుడు, పొద్దుమీకి వచ్చి కంప్యూటర్ల ఎక్కించుడు. మా ఆఫీసంటే బస్టాండు ఎనుక ఒక్క రూము, అండ్ల ఒక్క సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు.

మల్లెండకాలం ఒకనాడు ఆ కంప్యూటరు లేవలే. లోపటికెల్లి టక్కుటక్కుమని సప్పుడు. హార్డ్ డిస్క్ పోయిందన్నడు రిపేరు చేసే పిలగాడు. ‘‘బ్యాకప్ పెట్టినవ్ గదరా’’ అని మా తమ్మున్ని అడిగిన. ‘‘పెట్టిన అన్నా, డి డ్రైవుల ఉన్నది’’ అన్నడు. సి డ్రైవు, డి డ్రైవు అంటే రెండు డిస్కులు కాదు. ఒక్కటే పొలంల నడుమ ఒడ్డు పోసిన రెండు మళ్లు. చెరువు తెగితే రెండు మళ్లూ కొట్టుకపోతయి. ఈ సంగతి ఆనాడు వానికి తెల్వది, నాకూ తెల్వది.

హైదరాబాద్ తీస్కపోతే ఒక దుకాణమాయన రేటు చెప్పిండు. ఆ పైసలతోని అసొంటి కంప్యూటర్లు మూడు కొనచ్చు. చందాలేసి కట్టినం. పదిహేను రోజులకు ఒక పెన్ డ్రైవ్ చేతిల పెట్టిండు. అండ్ల సగం ఫొటోలు ఉన్నయి, సగం ఫొటోలు కింది భాగం బూడిద రంగు. పేర్లు లేవు, ఊర్లు లేవు, ఉత్త నంబర్లు. లెక్కల పట్టిక తెరుచుకోనే లేదు.

ఆ వానకాలమే ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. ఆమె పెనిమిటి కౌలు రైతు, అప్పుల బాధకు పాణం తీసుకున్నడు. అసొంటి కుటుంబాలకు 6 లక్షల సాయం ఇచ్చే జీవో 194 ఉన్నది. గాని విచారణకు వచ్చినోళ్లు ఆయన భూమి దున్నినట్టు రుజువు చూపెట్టుమంటరు. ఆయన కాడ తెల్లకాయిదం మీద రాసుకున్న కౌలు ఒప్పందం ఒక్కటి ఉండె. సర్వేనాడు మేం ఫొటో తీసినం. అసలు కాయిదం ఇల్లు ఉరిసి నాని పోయింది. ‘‘మీ కాడ భద్రంగ ఉన్నదనే ధీమాతోని ఉంటిని గద అన్నా’’ అన్నది. పెన్ డ్రైవుల ఉన్న ప్రతి ఫొటో తెరిచి చూసినం. ఆమె కాయిదం దొరకలే. చుట్టుపక్కల రైతుల సంతకాలు పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగినం, కని చేతిల ఉండాల్సిన రుజువు లేకపాయె. తప్పు డిస్కుది కాదు, నాది. అప్పటికెల్లి ఈ బ్యాకప్ అనే మాట ఎక్కడ వినవడ్డా నా చెవులు నిక్కబొడుచుకుంటయి.

విత్తనం దాసుడు మనకు రాదా?

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, బ్యాకప్ అంటే ఇంజినీర్ల ముచ్చట అనుకోకుండ్రి. మన తాతలు, అమ్మమ్మలు చేసిందే. మంచి కంకి చూసి విత్తనం తీసేటోళ్లు. ఎండవెట్టి, బూడిద కలిపి, కుండల పోసి మూతికి పేడ అలికేటోళ్లు. తెలివైనోళ్లు అంతా ఒక్క ఇంట్ల పెట్టకపోయేటోళ్లు. జరంత బామ్మర్ది ఇంటికాడ పెట్టేటోళ్లు. ఇల్లు కాలినా, ఎలుకలు పడ్డా, వియ్యంకుల ఊర్ల విత్తనం బతికి ఉండేది.

ఇంకొక్క పని చేసేటోళ్లు. అదే అన్నిటికంటే పెద్ద పని. తొలకరికి ముందు వంద గింజలు లెక్కవెట్టి తడిపిన గోనెబట్టల మూట కట్టి, ఎన్ని మొలకెత్తినయో చూసేటోళ్లు. ఎనబై తొంబై మొలిస్తే సరే. నలబై మొలిస్తే ఆ విత్తనం పక్కకు, వేరే విత్తనం ఎతుకులాట. ‘‘కుండ నిండ ఉన్నది’’ అన్న ధీమాతోని ఎవడూ దుక్కిల పోయలే.

ఇయ్యాల సర్కారు ఆఫీసులు, బ్యాంకులు, కంపెనీలు అందరూ కుండ చూపెడుతున్నరు. మొలక చూపెట్టేటోడు లేడు. నేను రాస్తున్న ముచ్చటంతా ఇంతే. కాపీ ఉండుడు వేరు, ఆ కాపీకెల్లి పని మల్ల లేచుడు వేరు.

ఒక్క మంటల 858 టీబీ

మా ఒక్క రూము ఆఫీసుల జరిగిందే 2025ల ఒక దేశానికే జరిగింది. అదీ ఎంత దేశం? ఇంటర్నెట్ సర్కారు నడుపుట్ల ప్రపంచానికే పాఠం చెప్పే దక్షిణ కొరియా.

సెప్టెంబర్ 26 రాత్రి, డేజాన్ పట్నంల సర్కారు డేటా సెంటర్. ఐదో అంతస్తుల కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ లిథియం బ్యాటరీలు ఉన్నయి. కంప్యూటర్ల పక్కన బ్యాటరీలు ఉంటే ప్రమాదమని వాటిని కిందికి మార్చే పని నడుస్తున్నది. ఆ పనిల్నే మంట లేచింది. అవి గ్యారంటీ గడువు దాటిన బ్యాటరీలు. లిథియం మంట నీళ్లు పోస్తే ఆరేది కాదు. ఆర్పేవరకు దగ్గర దగ్గర ఒక రోజు పట్టింది. 647 సర్కారు సేవలు ఒక్కసారే బంద్ అయినయని మొదాలు చెప్పిండ్రు, తర్వాత లెక్కేస్తే 700 దాటినయి. అండ్ల 96 సిస్టములు మంటల్ల నేరుగ కాలిపోయినయి. పోస్టాఫీసు బ్యాంకు సేవలు, గుర్తింపు కార్డులు, సర్టిఫికెట్లు అన్ని ఆగినయి. అన్నిటిని లేపెటానికి నెలలు పట్టింది.

సేవలు ఆగితే మల్ల లేస్తయి. లేవనిది ఒకటి ఉన్నది. దాని పేరు జి-డ్రైవ్. సర్కారు ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాసుకునే పెద్ద గోదాము. ఒక్కొక్కరికి 30 జీబీ జాగ. సొంత కంప్యూటర్ల పెట్టుకోకుండ్రి, అందరు జి-డ్రైవులనే పెట్టుండ్రి అని పై అధికారులే చెప్పిండ్రు. 74 సంస్థలల్ల దగ్గర దగ్గర 1 లక్ష 91 వేల మంది వాడుతున్నరు. అండ్ల ఉన్నది 858 టీబీ. బజార్ల దొరికే 2 టీబీ డిస్కులు 429 కావాలె దానికి. అదంతా కాలిపోయింది. ఇంకొక్క కాడ కాపీ లేదు. ఎందుకు లేదంటే, సైజు మస్తు పెద్దది గనుక బయట బ్యాకప్ పెట్టలేకపోయినం అన్నరు.

జర ఆలోచించుండ్రి. విత్తనం ఎక్కువ ఉన్నది గనుక దాయలేదు అన్నట్టున్నది గద ఇది. ఎక్కువ ఉన్న కాడనే ఎక్కువ పోతది. అండ్ల ఉద్యోగుల నియామకాలు చూసే శాఖ తన సిబ్బందినందరిని జి-డ్రైవే వాడుమన్నది. మాట విన్న ఆ శాఖకే అందరికంటే ఎక్కువ దెబ్బ తాకింది.

మరి వాళ్లు ఎట్ల ఎతికిండ్రు? ఉద్యోగుల సొంత కంప్యూటర్ల మిగిలిన ఫైళ్లు, ఈమెయిళ్లు, అచ్చు తీసిన కాయిదాలు, ఆమోదానికి వేరే సిస్టములకు పంపిన పత్రాలు. మేం మా కౌలు రైతుల సర్వేకు చేసింది కూడ ఇదే. పిల్లల ఫోన్లు, వాట్సాప్ గ్రూపులు, చెదలు పట్టిన ఫారాలు ఏరుకున్నం. అంత పెద్ద సర్కారు, ఇంత చిన్న సంగం, ఆపద వచ్చిన నాడు రెండింటి చేతిల ఒక్కటే చాట.

ముందుగాల హెచ్చరిక లేకనా? మూడేండ్ల కింద, 2022 అక్టోబర్ 15 నాడు, అదే దేశంల ఒక ప్రైవేటు డేటా సెంటర్ల బ్యాటరీ మంట లేచి కకావో టాక్ అనే వాళ్ల వాట్సాప్ లాంటి సేవ బంద్ అయింది. దేశమంత ఆగమాగం అయింది. ప్రైవేటు కంపెనీని అందరు తిట్టిండ్రు. సర్కారు తన ఇంటి చూరు కింద ఏమున్నదో చూసుకోలే.

మన దవాఖానల ఏమైంది?

మన దేశం ముచ్చట కూడ చెప్పాలె, మంచి చెడు రెండూ. 2022 నవంబర్ 23 నాడు ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు లాకు పడ్డయి. దొంగలు ఐదు సర్వర్లల్ల దగ్గర దగ్గర 1.3 టీబీ డేటాకు తాళమేసిండ్రు. దేశం నలుమూలలకెల్లి వచ్చిన రోగులు లైన్ల నిలవడ్డరు. ఓపీ చీటీలు, రక్త పరీక్షల రిపోర్టులు చేత్తోని రాసిండ్రు.

పార్లమెంటుల సర్కారు చెప్పిన జవాబు ప్రకారం, ఈ-హాస్పిటల్ డేటా అంతా తిరిగొచ్చింది. ఎట్లంటే, దొంగల చెయ్యి పడని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలింది. అండ్లకెల్లి కొత్త సర్వర్లకు ఎక్కించిండ్రు. ఇది మంచి ముచ్చట. ఆ ఒక్క సర్వర్ లేకపోతే రోగుల చరిత్ర అంతా గాలికి పోయేది.

కని రోగుల పేర్ల నమోదు, భర్తీ, డిశ్చార్జి అసొంటి పనులు మల్ల గాడిల పడెటానికి రెండు వారాలు పట్టింది. కాపీ ఉన్నా రెండు వారాలు. దేశంలనే పెద్ద దవాఖాన గతి ఇది. మన జిల్లా దవాఖానకైతే ఎన్ని దినాలు పడుతదో ఎవలన్న లెక్కేసిండ్రా? అందుకే ప్రశ్న రెండు తీర్ల ఉండాలె. ఆపద వస్తే ఎంత డేటా పోతది? ఎంత సేపు పని ఆగుతది? ఈ రెండింటికి జవాబు లేని బ్యాకప్ ఉత్త ధీమా.

ఐదు కుండలు, ఒక్క మొలక లేదు

పెద్ద చదువులు చదివినోళ్లకు ఇది జరగదనుకునేరు. 2017 జనవరి 31 నాడు గిట్‌ల్యాబ్ అనే కంపెనీల ఒక ఇంజినీరు రాత్రి అలిసిపోయి, ఒక సర్వర్ల కొట్టాల్సిన డిలీట్ ఇంకో సర్వర్ల కొట్టిండు. సెకండ్లల్ల తేరుకొని ఆపిండు. అప్పటికే 300 జీబీల 4.5 జీబీ మిగిలింది. వాళ్లకు ఐదు తీర్ల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నయి. ఒక్కొక్కటి తెరుస్తుంటే ఒక్కటీ అక్కరకు రాలే. రోజు నడవాల్సిన ఒక బ్యాకప్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కలవక చానా దినాల సంది నడుస్తనే లేదు. ‘‘నడుస్తలేను’’ అని అది పంపిన ఈమెయిళ్లు కూడ ఎవలకు చేరలే.

ఆఖరుకు ఏది కాపాడింది? డిలీట్ కొట్టుడు కంటే ఆరు గంటల ముందుగాల ఒకాయన వేరే పరీక్ష కోసం అనుకోకుంట తీసిన కాపీ. ఆ ఆరు గంటల్ల జనం రాసింది పోయింది. ఇండ్ల నాకు నచ్చిన సంగతి ఒకటున్నది. వాళ్లు దాయలే. తప్పు ఎట్ల జరిగింది, ఏమి పోయింది అని ఎప్పటికప్పుడు లోకానికి చెప్పిండ్రు. ఆ ఇంజినీరును బలి పెట్టలే. మన ఆఫీసులల్ల అయితే ముందుగాల కంప్యూటర్ ఆపరేటర్ పిలగాని ఔట్‌సోర్సింగ్ నౌకరి పీకేటోళ్లు, తర్వాత ‘‘సర్వర్ డౌన్’’ అని బోర్డు పెట్టేటోళ్లు.

కరెంటు పోవుడే కాపాడిన ముచ్చట

అదే 2017, జూన్ 27. నాట్‌పెట్యా అనే కంప్యూటర్ రోగం ఉక్రెయిన్ల మొదలై ప్రపంచమంత పాకింది. మెర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీ ఉన్నది. రేవులల్ల కంటైనర్ల మీద ఆ పేరు మీరు చూసే ఉంటరు. గంటల్ల వాళ్ల కంప్యూటర్లన్ని పాడైనయి. ఎవలు ఏ కంప్యూటర్ వాడచ్చు అని లెక్క పెట్టే కీలకమైన సర్వర్లు దగ్గర దగ్గర 150 ఉంటే, ఒకదాంట్ల ఉన్నది ఇంకోదాంట్ల కూడ ఉంటది గనుక ఏం కాదనుకున్నరు. అన్ని ఒక్క తీగకే కట్టి ఉన్నయి. అన్ని ఒక్కసారే చచ్చినయి.

ఒక్కటి తప్ప. అది ఆఫ్రికాల, ఘానా దేశంల. రోగం పాకే యాళ్లకు అక్కడ కరెంటు పోయింది. ఆ సర్వర్ బంద్ ఉన్నది గనుక రోగం అంటలే. ఆ ఒక్క డిస్కును చేతి సంచిల పెట్టుకొని మనిషి విమానంల తీస్కపోతే, దాని మీదికెల్లి మొత్తం కంపెనీ మల్ల లేచింది. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది దినాలల్ల తిరిగి కట్టినమని కంపెనీ చైర్మనే చెప్పిండు.

కరెంటు కోతల నడుమ పెరిగిన మనకు ఈ కథ బాగా సమజ్ అయితది. తీగకు తలిగి ఉన్న కాపీ కాపీ కాదు, అద్దంల బొమ్మ. నువ్వు ముఖానికి మసి పూసుకుంటే అద్దంల బొమ్మకు కూడ మసే. గూగుల్ డ్రైవుల ఫోల్డరు దానంతట అదే మారుతుంటే బ్యాకప్ అయితుంది అనుకుంటం. ఇక్కడ డిలీట్ అయింది అక్కడ కూడ డిలీట్ అయితది. చెత్తబుట్టల కొన్ని దినాలు ఉంటది, గడువు దాటితే అది కూడ పోతది. అందుకే ఒక్క కాపీ అయినా తీగ తీసేసి పక్కకు పెట్టాలె.

మన భూముల కాయిదాలకు మొలక పరీక్ష ఎవలు చేసిండ్రు?

ఇగ మన ఇంటికి వద్దాం. తెలంగాణల ఒక రైతు భూమి కోసం కొట్లాడాలంటే 1954-55 ఖాస్రా పహాణీ తెమ్మంటరు. డెబ్బై ఏండ్ల కింద చేత్తోని రాసిన కాయిదం. ఎన్ని సర్కార్లు మారినా, ఎన్ని పోర్టళ్లు వచ్చినా, ఆఖరుకు అదే దిక్కు. ఆ కాయిదం మన బ్యాకప్ అన్నట్టు.

2020 సెప్టెంబర్ 7 నాడు వీఆర్వోల కాడ ఉన్న రికార్డులన్ని ఆ పూటనే స్వాధీనం చేసుకోమని ఆర్డర్ వచ్చింది. అక్టోబర్ 29 నాడు ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14 సంది భూ భారతి. ఐదేండ్లల్ల రెండు ఇండ్లు మారినం. ఇల్లు మారేటప్పుడు ఎన్ని సామాన్లు పోతయో ఆడోళ్లను అడుగుండ్రి. ధరణి వచ్చినప్పుడు పాత పహాణీల ఉండే అనుభవదారు కాలం లేకపాయె. భూమి మీద అసలు ఎవలు ఉన్నరో చెప్పే గడి అది. దానికి మంట పెట్టాల్సిన అవసరం లేకపాయె, వైరస్ ఎక్కియ్యాల్సిన అవసరం లేకపాయె. కొత్త పట్టికల ఆ గడి గీయలే, అంతే. బ్యాకప్ ఎంత మంచిగ తీసినా ఎక్కించనిది తిరిగి రాదు. కౌలు రైతు, అసైన్డ్ భూమి సాగు చేసే దళితుడు, పెనిమిటి పేరు మీద ఉన్న భూమిల కష్టం చేసే ఆడామె, వీళ్లే ముందుగాల మాయమైతరు.

కాయిదం అయితే భద్రం అని కూడ అంటలేను. 2024 జులై 21 రాత్రి ఆంధ్రల మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసుల మంట లేచి రెవెన్యూ ఫైళ్లు కాలినయి. ఇది ప్రమాదం కాదేమో అని సర్కారే అనుమానపడి దర్యాప్తు పెట్టింది. ఎవలు చేసిండ్రు అనేది దర్యాప్తుల తేలాలె. నేను చెప్పేది ఒక్కటే. ఒక్క కాడనే ఉన్న కాయిదం, ఒక్క కాడనే ఉన్న డిస్కు, రెండింటికి ఒక్క అగ్గిపుల్ల చాలు. రెండో కాపీ ఉన్నదని తెలిస్తే తగలవెట్టెటోనికి కూడ లాభం లేదు. అందుకే బ్యాకప్ అంటే దొంగతనం కాకుండ వేసే తాళం కూడ.

ఫైలు పోతే ఎవలకు నష్టం? ఆఫీసోనికి కాదు. ‘‘రికార్డు దొరుకుతలేదు’’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటడు. రుజువు చేసుకునే భారం నీ మీద పడుతది. పైసలున్నోడు వకీలును పెడుతడు, పాత నకళ్లు తీస్తడు. లేనోడు మూడు దినాల కైకిలి పోగొట్టుకొని కౌంటర్ ముంగట నిలవడుతడు. డేటా పోవుడు అందరికి ఒక్క తీరు కాదు. పేదోని డేటా పోతే పేదోడే పోతడు.

సర్కార్లు ఎందుకు పట్టించుకోవంటే దీనికి రిబ్బన్ కటింగు లేదు. పోర్టల్ మొదలువెడితే ఫొటో వస్తది, పేపర్ల పడుతది. ‘‘ఇయ్యాల మా బ్యాకప్ తెరిచి చూసినం, అంతా సక్కగున్నది’’ అంటే ఎవడు ఫొటో తీస్తడు? ఇంకో భయం కూడ ఉన్నది. తెరిచి చూస్తే ఏమీ లేదని తేలుతదేమో అని. మొలక పరీక్ష చెయ్యని రైతుకు ఉండే భయమే అది.

కాపీలు ఎక్కువైతే దొంగలకు సందులు ఎక్కువైతయి గద అని ఒక మాట ఉన్నది. నిజమే. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైళ్లను వీధిల పోసుడు బ్యాకప్ కాదు. ప్రతి కాపీకి తాళం ఉండాలె, తాళంచెయ్యి ఎవలి కాడ ఉన్నదో రాసి ఉండాలె. దొంగల భయం పేరు చెప్పి అసలు కాపీనే లేకుండ చేసుడు మాత్రం ఒప్పుకోవద్దు.

మనం అడగాల్సినయి

సమాచార హక్కు చట్టం 2005 మన చేతిల ఉన్నది. రికార్డులు సక్కగ పట్టిక కట్టి భద్రంగ పెట్టుడు ఆఫీసుల బాధ్యత అని ఆ చట్టంల నాలుగో సెక్షనే చెప్తది. ఊరి స్థాయిల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. మీ ఊరి పంచాయతీకి, మండల ఆఫీసుకు, దవాఖానకు, నువ్వు చదివిన సర్కారు కాలేజికి ఈ నాలుగు ప్రశ్నలు పంపుండ్రి.

ఒకటి, మీ కాడ కంప్యూటర్ల ఉన్న రికార్డులకు రెండో కాపీ ఇదే బిల్డింగుల ఉన్నదా, వేరే ఊర్ల ఉన్నదా? రెండు, ఆ కాపీకెల్లి రికార్డు తిరిగి తెరిచి చూసిన ఆఖరు తారీఖు ఏంది? మూడు, మీ సిస్టం ఖరాబైతే ఎన్ని గంటల్ల లేవాలని మీరు రాసుకున్నరు, ఎన్ని గంటల రికార్డు పోవచ్చని లెక్కేసిండ్రు? నాలుగు, సిస్టం బంద్ ఉన్న దినాలల్ల జనం పని చేత్తోని చేసి పెట్టే ఏర్పాటు ఏంది?

భద్రత పేరు చెప్పి సర్వర్ ఎక్కడున్నదో చెప్పమంటే చెప్పకపోని. తారీఖు చెప్పెటానికి ఏ దొంగ భయం ఉన్నది? రెండో ప్రశ్నకు జవాబు ఖాళీగ వచ్చిందంటే, అదే జవాబు. దాన్ని గ్రామసభల సదువుండ్రి.

మన ఫోను, మన సంగం, మన ఇల్లు

సర్కారును అడిగేటోడు ముందుగాల తన కుండ చూసుకోవాలె. డిలీట్ కొడితే ఏమైతదో తెలుసుకోండ్రి. డిలీట్ అంటే పహాణీల పేరు కొట్టేసినట్టు. భూమి అక్కడనే ఉంటది. ఇంకోడు వచ్చి దున్నేవరకు నీ పంట మొదళ్లు దాంట్ల కనవడుతయి. అందుకే మెమరీ కార్డుల ఫొటోలు పొరపాటున పోతే ఆ నిమిషమే కార్డు తీసి పక్కకు పెట్టు. కొత్త ఫొటో తీయకు, వీడియో దింపకు. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నయి. కంప్యూటర్ల ఎక్కించి, దొరికినయి వేరే డిస్కుల దింపుకోవాలె, అదే కార్డుల కాదు. ఫొటోరెక్ తీసిన ఫైళ్లకు పాత పేర్లు ఉండయి, ఓపిక కావాలె. కొత్త కంప్యూటర్ల ఉండే ఎస్‌ఎస్‌డీలల్ల డిలీట్ అయిన జాగను కంప్యూటరే జల్ది తుడిచేస్తది, ఆశ తక్కువ. డిస్కు టక్కుటక్కుమని సప్పుడు చేస్తుంటే మల్ల మల్ల ఆన్ చెయ్యకు. తిరిగినకొద్ది గీతలు పడుతయి. మేం పది సార్లు ఆన్ చేసినం. మా సగం ఫొటోలు అట్లనే పోయి ఉంటయి.

దొరికించుకునుడు కంటే దాసుకునుడు అగ్గువ. మూడు కాపీలు, రెండు తీర్ల సామాను మీద, ఒక్కటి వేరే ఊర్ల. లోకమంతా చెప్పే లెక్క ఇదే. మనకు ఎట్లంటే, ఫోన్ల ఒకటి, ఇంట్ల పెన్ డ్రైవో డిస్కో ఒకటి, చెల్లె అత్తగారి ఊర్ల ఇంకో డిస్కు. మెయిల్ల, క్లౌడ్ల పెట్టుకుంటే ఇంకా మంచిది, పాస్‌వర్డ్ కాయిదం మీద రాసి అమ్మకు ఇయ్యి. పాస్‌బుక్, పదోతరగతి మెమో, కుల సర్టిఫికెట్, తాత పేరు మీద ఉన్న పాత పహాణీ నకలు, దవాఖాన కాయిదాలు. ముందుగాల ఇవి. పెండ్లి వీడియో తర్వాత.

ఊర్ల మీ సేవ నడిపేటోళ్లు, మహిళా సంగాల లెక్కలు రాసేటోళ్లు, పాల సొసైటీ పద్దులు చూసేటోళ్లు మీలనే ఉన్నరు. మీ కంప్యూటర్ల ఉన్నది మీ ఒక్కరిది కాదు, వందమందిది. ఆ వందమంది మీ మీద ధీమాతోని ఇంటికాడ పండుకుంటున్నరు.

ఇప్పుడు మా సంగంల ప్రతి నెల మొదటి ఐతారం ఒక పని చేస్తం. వేరే ఊర్ల దాసిన డిస్కు తెప్పిస్తం. కండ్లు మూసుకొని ఏవో పది ఫారాలు ఎంచి తెరుస్తం. పేరు కనవడాలె, సర్వే నంబరు కనవడాలె, కాయిదం ఫొటో కింది సంతకందాక సక్కగ రావాలె. పది తెరిస్తే పది రావాలె. పోయిన ఏడాది ఒక ఐతారం తొమ్మిదే వచ్చినయి. పదోది ఎందుకు రాలేదో చూసుకుంటే పాత డిస్కు ఖరాబైతున్నదని ఎర్కైంది. అప్పటికి ఇంకో కాపీ ఉన్నది గనుక కొత్త డిస్కు కొని మార్చుకున్నం. ఎవలకూ ఏమీ పోలే.

మేం మల్ల తిరిగి చేసిన సర్వేల ఆ అక్క పేరు కూడ ఉన్నది. ఇప్పుడామెనే రెండెకరాలు కౌలుకు తీసుకొని చేస్తున్నది. ఒప్పందం తెల్లకాయిదం ఫొటో తీసినం. ‘‘ఈసారి ఎన్ని కాడ పెడుతున్నరు?’’ అని అడిగింది. మూడు కాడ అన్న. ‘‘ఒకటి నా కాడ కూడ పెట్టు’’ అన్నది. ఒక నకలు తీసి ప్లాస్టిక్ కవర్ల వేసి ఆమె చేతికి ఇచ్చినం.